రిమోట్ పిల్లగాడి జేబులో, టీవీ దాదీమా ముందు

మా మొహల్లాలో ఈ మధ్య ఒక మాట బాగా చలామణీలో ఉంది. "రిమోట్ పోతే ఏమైంది భాయ్, ఫోన్ ఉంది గదా!" టీవీ వెనక గుచ్చుకునే స్ట్రీమింగ్ స్టిక్ రిమోట్ కనబడట్లేదని ఎవరైనా అంటే చాలు, పక్కనున్న నౌజవాన్ ఫోన్ తీస్తాడు, యాప్ దించుతాడు, రెండు నిమిషాల్లో టీవీ నడిపించి చూపిస్తాడు. మాషా అల్లాహ్ అంటారు అందరూ. చాయ్ వస్తుంది. మసలా హల్ అయిపోయిందనుకుంటారు.

నా లెక్కలో హల్ అయింది సగమే. టీవీ నడుస్తోంది, సహీ. నడిపేది ఎవరు? పొద్దున పదింటికి ఆ నౌజవాన్ కాలేజీకో దుకాణానికో పోతాడు. ఫోన్ వాడి జేబులో పోతుంది, దానితో పాటే రిమోటూ పోతుంది. ఇంట్లో మిగిలేది దాదీమా, అమ్మీ, ఉయ్యాలలో పసిపిల్ల. గోడ మీద టీవీ ఉంటుంది, కరెంటు ఉంటుంది, వైఫై డబ్బా మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. హరమ్ షరీఫ్ లైవ్ చూద్దామనుకుంటే మాత్రం మగ్రిబ్ దాటి పిల్లగాడు ఇంటికొచ్చేదాకా ఇంతెజార్ చెయ్యాలి.

ఇదీ ఒక మసలానేనా అని నవ్వేవాళ్లుంటారు. వాళ్లని ఒకటే అడుగుతాను. మన ఇళ్లల్లో పొద్దంతా టీవీ ఎవరికి సాథీ? మగవాళ్లకి బయట ఇరానీ హోటల్ ఉంది, మసీదు గేటు ముందు గప్పులున్నాయి, చేతిలో ఎవరి ఫోన్ వాళ్లకుంది. కొడుకు జెద్దాలోనో కువైట్‌లోనో ఉండి, కోడలు బడికి పాఠాలు చెప్పడానికి పోయే ఇంట్లో ముసలి తల్లికి మిగిలింది ఆ తెరే. జుహర్ చదువుకుని, ముసల్లా మడిచి, కాసేపు కాబతుల్లా తవాఫ్ చూస్తూ తస్బీహ్ తిప్పుకునే ఆడవాళ్లు నాకు ఎంతమందో తెలుసు. హజ్‌కి పోయొచ్చినవాళ్లు అక్కడ తాము నిలబడ్డ చోటు వెతుక్కుంటారు. పోలేనివాళ్లు కళ్లతోనే పోయొస్తారు. ఆ అరగంట కోసం పదిహేనేళ్ల పోతా దగ్గర ఇజాజత్ తీసుకోవాలా?

ఇది ఎప్పుడూ ఇట్లాగే లేదు. కేబుల్ రోజుల్లో మగవాళ్లు క్రికెట్ కోసం లాక్కున్న గంటలు పోను, రిమోట్ ఎక్కువగా జనానాలోనే ఉండేది. 2014లో జిందగీ ఛానల్ మొదలై పాకిస్తానీ డ్రామాలు వేసినప్పుడు మన ఇళ్లల్లో ఎన్ని వంటగదులు ఆ టైమ్‌కి ఖాళీ అయ్యేవో చూసినవాళ్లకు తెలుసు. ఖాలాలు, ఫూఫీలు అంకెలు చూడకుండానే ఛానల్ నంబర్ నొక్కేవాళ్లు. చదువొచ్చినవాళ్లు, రానివాళ్లు అన్న ఫరక్ లేదు. రిమోట్ ఆ ఫరక్ అడగలేదు.

అసలు మాట ఇక్కడుంది. స్టిక్ రిమోట్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద దాదాపు అక్షరాలే లేవు. ఒక గుండ్రటి వలయం, మధ్యలో ఒక బటన్. ఇల్లు బొమ్మ నొక్కితే మొదటి తెరకి వస్తారు. వంపు తిరిగిన బాణం నొక్కితే వెనక్కి వస్తారు. ఉర్దూ తప్ప వేరే లిపి చదవని మా తరం తల్లులకు, ఏ లిపీ చదవని వాళ్ల తల్లులకు కూడా రెండు రోజుల్లో అది వేళ్లకి అబ్బుతుంది. ఫోన్ యాప్ అట్లా కాదు. ముందు ఫోన్ లాక్ తియ్యాలి. ముప్పై బొమ్మల్లో ఆ యాప్ బొమ్మ ఏదో వెతకాలి. తెరుచుకున్నాక అది "ఏ టీవీ?" అని ఇంగ్లీషులో అడుగుతుంది. నొక్కాక రిమోట్ బొమ్మ వస్తుంది. అంతలో ఎవరో ఫోన్ చేస్తారు, బొమ్మ పోతుంది, మళ్లీ మొదటికి.

పైగా అద్దం. మోతియాబిందు ఆపరేషన్ అయిన కళ్లకి, షుగర్‌తో మొద్దుబారిన వేలికొసలకి, నున్నటి అద్దం మీద అంచు ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? మా అమ్మీ ఒక్క మాటలో తేల్చేసింది: "ఇస్ షీషే పో ఉంగ్లీ ఫిసల్ జారీ రే బేటా. బటన్ హై తో హాత్ కో మాలూమ్ పడ్తా." బటన్ ఉంటే చేతికి తెలుస్తుందట. కంపెనీల్లో కూచుని డిజైన్ చేసేవాళ్లు ఈ జుమ్లా రాసి గోడకి పెట్టుకోవచ్చు.

వాళ్లకి ఇది తెలియదనీ కాదు. గూగుల్ 2013లో క్రోమ్‌కాస్ట్ తెచ్చినప్పుడు దానికి రిమోటే లేదు. ఫోనే రిమోట్, ఫోన్ నుంచి వీడియో టీవీకి పంపుకోవడమే. ఏడేళ్లు గడిచాక, 2020లో, అదే గూగుల్ కొత్త క్రోమ్‌కాస్ట్‌తో పాటు చేతిలో పట్టుకునే రిమోట్ ఇచ్చింది. ఫోన్ ఒక్కటి చాలు అనే ఖయాల్‌కి ఇంతకంటే మంచి జవాబు నేను ఇవ్వలేను.

రిమోట్ కనిపెట్టినవాళ్లు కూడా దీని గురించి ఆలోచించారు. అమెరికాలో జెనిత్ కంపెనీ 1956లో తెచ్చిన స్పేస్ కమాండ్ రిమోట్‌లో బ్యాటరీయే లేదు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మన చెవికి అందని ఆ శబ్దాన్ని టీవీ వింటుంది. సెల్స్ అయిపోతే జనం టీవీయే చెడిపోయిందనుకుంటారన్న ఫికర్ వాళ్లకి ఉండేదట. ఇప్పుడు మన దగ్గర సెల్స్ అయిపోతాయి, జోడీ తెగిపోతుంది, వైఫై మారిపోతుంది. మూడింటికీ తెర మీద కనిపించేది ఒకటే, కదలని బొమ్మ.

ఇక రిమోట్ లేనప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. నా రాయి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు, తకలీఫ్‌లో ఉన్నవాళ్లకి రాస్తా చూపాలి.

మొదట రిమోట్ నిజంగా చచ్చిందా చూడండి. ఫైర్ టీవీ లాంటి స్టిక్‌ల రిమోట్‌లో రెండు జబానులున్నాయి. టీవీ ఆన్, ఆఫ్, వాల్యూమ్ బటన్లు పాత పద్ధతిలో ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో టీవీతో మాట్లాడతాయి. బాణాలు, ఇల్లు బొమ్మ బ్లూటూత్‌తో స్టిక్‌తో మాట్లాడతాయి. అందుకే వాల్యూమ్ పనిచేస్తూ బాణాలు పనిచెయ్యకపోతే సెల్స్‌ని తిట్టి లాభం లేదు, బ్లూటూత్ జోడీ తెగిందని అర్థం. స్టిక్ కరెంటు తీసి, మళ్లీ పెట్టి, తెర వచ్చాక ఇల్లు బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలాసార్లు జోడీ కుదురుతుంది. కొత్త రిమోట్ కొన్నప్పుడూ ఇదే పని.

బజారులో దొరికే సస్తా యూనివర్సల్ రిమోట్ దీనికి ఎందుకు పనికిరాదో కూడా ఇందులోనే ఉంది. అది వెలుతురుతో మాట్లాడేది. స్టిక్ టీవీ వెనక చీకట్లో దాక్కుని ఉంటుంది, దానికి ఆ వెలుతురుతో వాస్తాయే లేదు. కొన్ని ఫోన్లలో పైన ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటుంది, దానితో ఏసీ, టీవీ నడుపుతుంటారు పిల్లలు. స్టిక్‌కి అదీ పనికిరాదు. దుకాణదార్ "చలేగా సాబ్" అంటే అడిగి, అక్కడే పెట్టి చూపించమనండి.

రెండోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మనవాళ్లలో పదిమందిలో ఒకరికి కూడా తెలిసినట్టు కనబడనిది: టీవీ సొంత రిమోట్. స్టిక్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ దారిలో బొమ్మ, శబ్దం మాత్రమే కాదు, బటన్ల కబురు కూడా పోగలదు. దీన్ని సీఈసీ అంటారు. ఇది ఆన్ చేసి ఉంటే టీవీ రిమోట్‌లోని బాణాలు, ఓకే, బ్యాక్ స్టిక్‌ని నడిపిస్తాయి. ఫోన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, జోడీ కట్టడానికి వైఫై కూడా అక్కర్లేదు. మరి ఎందుకు తెలియదంటే, ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. టీవీ సెట్టింగ్స్‌లో ఈ పేరు వెతికి ఆన్ చెయ్యాలి. కొన్ని టీవీల్లో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, చాలా టీవీల్లో బంద్‌లో ఉంటుంది. దాదీమాకి నేర్పాలంటే ఇదే నేర్పండి. పదేళ్లుగా ఆమె చేతిలో ఉన్న రిమోటే, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

మూడోది ఫోన్ యాప్. నేను దీనికి దుష్మన్‌ని కాను. ఫైర్ టీవీ వాళ్లకి ఫైర్ టీవీ యాప్, ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ ఉన్నవాళ్లకి గూగుల్ టీవీ యాప్, యాపిల్ టీవీ ఉన్న అమీర్ లోగ్‌కి ఐఫోన్ కంట్రోల్ సెంటర్‌లోనే రిమోట్ ఉంది. ఫోనూ స్టిక్కూ ఒకే వైఫైలో ఉండాలి. ఫైర్ టీవీ అయితే తెర మీద నాలుగంకెల కోడ్ వస్తుంది, ఫోన్‌లో కొట్టాలి, అంతే. పాస్‌వర్డ్‌లు కొట్టడానికి, యూట్యూబ్‌లో పేరు వెతకడానికి ఫోన్ కీబోర్డ్ నిజంగా మేలు. బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి నడుచుకుంటూ పోయే బాధ తప్పుతుంది. మంచం దిగలేనివాళ్లకి, రిమోట్ ఎక్కడ పెట్టారో కంటికి కనబడనివాళ్లకి కూడా ఫోన్ ఒక నేమత్. నా షికాయత్ యాప్ మీద కాదు, అది ఒక్కరి ఫోన్‌లో మాత్రమే ఉండడం మీద. అమ్మీకి స్మార్ట్‌ఫోన్ ఉంటే మొదటి జోడీ ఆమె ఫోన్‌తో కట్టండి. ఒక స్టిక్‌కి ఒకటికి మించి ఫోన్లు కట్టుకోవచ్చు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగింటికీ కట్టండి.

ఒకే వైఫై అన్న ఆ షర్తు దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. మనలో కిరాయి ఇళ్లవాళ్లే ఎక్కువ. ఇల్లు మారే హడావుడిలో రిమోట్ ఏ గిన్నెల మూటలోనో పోతుంది. కొత్త ఇంట్లో కొత్త వైఫై. స్టిక్‌కి పాత ఇంటి వైఫై పేరే గుర్తు. కొత్తది చెప్పాలంటే రిమోట్ కావాలి. రిమోట్ లేదు, ఫోన్‌తో చెబుదామంటే ఒకే వైఫైలో లేవు. తాళంచెవి తాళం వేసిన పెట్టెలో ఉండిపోయినట్టు. మా బంధువుల ఇంట్లో ఈ హాలత్‌లో స్టిక్ చెడిపోయిందనుకుని రెండు నెలలు మూలన పడేశారు.

దీనికి తర్కీబ్ ఉంది. రెండు ఫోన్లు కావాలి. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, దాని పేరు, పాస్‌వర్డ్ పాత ఇంటి వైఫైవి ఎట్లా ఉన్నాయో అట్లాగే పెట్టండి. ఇంగ్లీషు పెద్దక్షరం పెద్దక్షరంగా, చిన్నక్షరం చిన్నక్షరంగా, మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీతో సహా. స్టిక్ దాన్ని తన పాత ఇల్లే అనుకుని వచ్చి కలుస్తుంది. రెండో ఫోన్‌ని కూడా ఆ హాట్‌స్పాట్‌కి కలిపి, అందులో యాప్ తెరిస్తే స్టిక్ కనబడుతుంది. అక్కడి నుంచి సెట్టింగ్స్‌లోకి పోయి కొత్త ఇంటి వైఫై చెప్పెయ్యండి. చెప్పగానే స్టిక్ హాట్‌స్పాట్ వదిలి కొత్త వైఫైకి పోతుంది, యాప్‌లో లింకు తెగుతుంది. గాబరా పడొద్దు, రెండో ఫోన్‌ని కూడా కొత్త వైఫైకి మార్చుకుంటే మళ్లీ కలుస్తాయి. పాత పాస్‌వర్డ్ యాద్ లేకపోతే, ఆ వైఫై వాడిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది దాగి ఉంటుంది. వైఫై సెట్టింగ్స్‌లో షేర్ నొక్కితే చాలా ఫోన్లలో క్యూఆర్ బొమ్మతో పాటు పాస్‌వర్డ్ కూడా చూపిస్తుంది.

రియాద్‌లో ఉన్న కొడుకు "నా ఫోన్‌లో యాప్ ఉందమ్మీ, నేను ఇక్కణ్నుంచి పెడతా" అనుకుంటే కుదరదు. ఆయన ఫోన్ అక్కడి వైఫైలో ఉంది. వీడియో కాల్‌లో దారి చెప్పగలడు, అంతవరకే.

జర్నలిస్ట్‌గా ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. రిమోట్ పనిచెయ్యట్లేదని నెట్‌లో "కస్టమర్ కేర్ నంబర్" వెతక్కండి. అక్కడ కనబడే నంబర్లలో ధోకేబాజ్‌లు కూచుని ఉంటారు. "యాక్టివేషన్ ఫీజు కట్టండి, ఈ యాప్ దించండి, మీ స్క్రీన్ మాకు చూపించండి" అంటారు. ఫైర్ టీవీ రిజిస్టర్ చెయ్యడానికి అమెజాన్ పైసా తీసుకోదు. స్క్రీన్ చూపించారంటే ఓటీపీ కూడా చూపించినట్టే, గల్ఫ్ నుంచి వచ్చిన నెల పైసలు ఒక్క నిమిషంలో పోతాయి. కంపెనీ సొంత యాప్‌లోనే హెల్ప్ ఉంటుంది, అక్కడే అడగండి. అట్లా పైసలు పోతే వెంటనే 1930 నంబర్‌కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబర్. ఎంత తొందరగా చేస్తే అంత ఉమ్మీద్. ప్లే స్టోర్‌లో "రిమోట్" అని కొడితే వచ్చే యాప్‌ల గుంపులో కూడా చూసి దించుకోండి. యాప్ పేరు కింద తయారుచేసిన కంపెనీ పేరు చదవండి. రిమోట్ యాప్‌కి మీ ఫోన్ నంబర్ల లిస్టుతో ఏం పని?

మైక్ బటన్ ఉంది కదా, నోటితో చెబితే చాలు కదా అంటారు కొందరు. మంచిదే, నోటికి చదువు అక్కర్లేదు. కానీ ఆ మైక్ ఎవరి జబాన్‌కి అలవాటు పడింది? ఇంగ్లీషుకి, టీవీలో వినబడే సాఫ్ హిందీకి. మా దఖ్ఖనీ దానికి అర్థమైనప్పుడు అర్థమవుతుంది, లేనప్పుడు లేదు. మా ఇంటికొచ్చిన ఒక ఖాలా "మక్కే కా లైవ్ లగా మా" అంటే ఏదో పెళ్లి పాట పెట్టింది. ఆమె "తౌబా" అంది. దానికీ ఏదో వెతికింది. నవ్వుకున్నాం గానీ, నవ్వే మాట కాదిది. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే లక్షలమంది ఇళ్లకి స్టిక్ అమ్మేవాళ్లు మా మాట వినడం కూడా నేర్చుకోవాలి. స్టిక్ మీద ఒక్క బటన్, వేలెడంత బటన్, పెడితే సగం తకలీఫ్‌లు తీరతాయి. ఫైర్ టీవీ స్టిక్ ఒంటి మీద ఒక్కటీ లేదు. రిమోట్ పోతే అది గూంగా, బహ్రా.

ఒక బుజుర్గ్ నాతో అన్నారు, "అచ్ఛా హువా, టీవీ బంద్ అయితే ఇంట్లో బర్కత్ వస్తుంది." ఆయన నియ్యత్ మీద నాకు షక్ లేదు. టీవీలో వచ్చేదంతా మంచిదని నేనూ అనను. అయితే బంద్ చేసే ఫైసలా ఎవరిది? దాదీమా తనంతట తాను బంద్ చేస్తే అది పర్హేజ్. పోతా ఫోన్ పట్టుకుని పోయినందుకు బంద్ అయితే అది ఆమె బేబసీ. రెంటినీ ఒకటే అనడం ఇన్సాఫ్ కాదు. నచ్చని బొమ్మ వస్తే దాటించడానికి, పిల్లలు చూడకూడనిది వస్తే వెనక్కి రావడానికి కూడా ఆమె చేతిలో బటన్ కావాలి. ఇంట్లో నిగ్రానీ చేసే మనిషి చేతిలోంచి రిమోట్ తీసి పదిహేనేళ్లవాడి జేబులో పెట్టి, పిల్లలు చెడిపోతున్నారని జుమ్మా రోజు బాధపడితే ఎట్లా?

ఇంకొకరు ఖర్చు మాట ఎత్తారు. ఫైర్ టీవీ స్టిక్ 2017లో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర 3,999 రూపాయలు. అంత పెట్టి కొని, ఏడాదికి ఇన్ని ఓటీటీలకి చందాలు కట్టి, రిమోట్ దగ్గరికి వచ్చేసరికి "ఫిజూల్ ఖర్చు, ఫోన్ ఉంది గదా" అంటే నాకు అర్థం కాదు. ఆ ఖర్చు తమ కోసం అయితే ఫిజూల్ అనేవాళ్లు కాదు. ఈద్‌కి అమ్మీకి చీర తెచ్చే కొడుకులు ఈసారి దానితో పాటు ఒక రిమోట్ కూడా తేవచ్చు. కొనేముందు స్టిక్ మోడల్ చూసుకోండి, అన్ని రిమోట్‌లు అన్ని స్టిక్‌లకీ జోడీ కుదరవు. ఉన్న రిమోట్ వెనక సెల్స్ మూత తీస్తే లోపల మోడల్ నంబర్ ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

ఈ పనులన్నీ రిమోట్ చేతిలో ఉన్నప్పుడే చెయ్యాలి. సీఈసీ ఆన్ చెయ్యడం, ఇద్దరి ఫోన్లకి జోడీ కట్టడం, వైఫై పేరూ పాస్‌వర్డూ ఒక కాగితం మీద రాసి ఖుర్ఆన్ షరీఫ్ అల్మారా పక్కన కాకుండా వంటగది డబ్బాల అరలో అంటించడం, అంతా కలిపి ఒక అరగంట. రంజాన్‌లో మక్కా తరావీహ్ మన టైమ్‌కి అర్ధరాత్రి దగ్గర మొదలవుతుంది. ఆ వేళకి ఇంట్లో పిల్లలు ఎక్కడుంటారో, వాళ్ల ఫోన్ ఛార్జింగ్ ఎంతుంటుందో ఎవరికెరుక. షాబాన్‌లోనే ఒక ఇత్వారం చూసుకుని కూచోండి. దాదీమాని పక్కన కూచోబెట్టుకుని, రిమోట్ ఆమె చేతికిచ్చి, మీరు ముట్టుకోకుండా, హరమ్ లైవ్ ఆమెనే పెట్టమనండి. మూడుసార్లు తడబడుతుంది. నాలుగోసారి పెడుతుంది.